వేలెరగని పలక

శుభవార్త వచ్చే వేళకి అత్తయ్య నోటినిండా గుండుసూదులున్నాయి.

కోటు చేతిని భుజానికి అతికిస్తోంది ఆవిడ. చేతిని ఎప్పుడూ భుజం కన్నా కాస్త పెద్దగానే కత్తిరిస్తారు. ఆ మిగులునంతా ఒక్క మడత కూడా పడకుండా చుట్టూ సర్దేయడంలోనే ఉంది పనితనం. పెదాల మధ్య నుంచి ఒక్కో సూదీ తీసి, బట్టని బొటనవేలితో అణిచి గుచ్చుతూండగా, కుట్టుమిషను బల్లకి వేలాడదీసిన గుడ్డసంచిలో బటన్ల ఫోను మోగింది. కొత్త కోడలు వంటింట్లోంచి పరుగున వచ్చి, ఫోను తీసి, స్పీకరు నొక్కి అత్తయ్య చెవి పక్కన పట్టుకుంది.

"వదినగారూ, నేనే," అంది పాస్టరమ్మ. ఆవిడ ఫోనులో కూడా ప్రార్థన మందిరం వెనక బెంచీకి వినిపించేలాగే మాట్లాడుతుంది. "మన స్త్రీల తరగతి చెప్పే టీచరమ్మ ఊరు మారిపోతోంది కదా. వచ్చే నెల నుంచి ఆ తరగతి మీరు చెప్పాలి. అందరం అనుకున్నాం. సరేనా?"

"ఊఁ," అంది అత్తయ్య. ఉండండి, నోట్లో సూదులున్నాయి అని దానర్థం.

"ఒప్పుకున్నట్టేగా?"

"ఊఁ! ఊఁ!" అంది అత్తయ్య, ఇంకా గట్టిగా. ఆగండి బాబూ ఆగండి అని దానర్థం.

"హమ్మయ్య! మీరు బెట్టు చేస్తారేమోనని భయపడ్డాను. ఆ రోజు మీరడిగిన ప్రశ్నకి ఇప్పటిదాకా మాలో ఎవరూ జవాబు చెప్పలేకపోయాం. అడగడం తెలిసిన మనిషే చెప్పాలి పాఠం. అన్నట్టు, పాఠాలిప్పుడు ఆ బైబిల్ స్టడీ సాఫ్ట్‌వేర్‌లోనే వస్తున్నాయి. దానికో మంచి టాబ్లెట్ చూసుకోండి. అల్లాటప్పాది కొంటే నడవదు, చాలా బరువు ఆ సాఫ్ట్‌వేరు. ఉంటానండీ!"

ఫోను కట్టయింది. అత్తయ్య సూదులు ఒక్కొక్కటే తీసి, మణికట్టుకి కట్టుకున్న దూదిగుండ్రంలో గుచ్చింది. ఆఖరిది గుచ్చాక అంది:

"నేను ఒప్పుకోలేదు."

"ఒప్పుకున్నారత్తయ్యా. నేనే సాక్షి."

"అది సూదుల ఊఁ."

"ఊఁలలో కూడా సూదుల ఊఁ, మనుషుల ఊఁ అని రకాలుంటాయా?"

అత్తయ్య కోటు మీదకి వంగింది. వంగినా, కోడలికి కనిపించింది. ఆవిడ తన నవ్వుని లోపలికి మడిచి కుట్టేయాలని చూస్తోంది, అది అంచుల దగ్గర విప్పుకుని బయటికొచ్చేస్తోంది. పెళ్ళై ఈ ఇంటికి వచ్చిన కోడలికి ఇంకా ఏ గిన్నె ఏ అరలో ఉంటుందో పూర్తిగా తెలీదు గానీ, ఇంత అందమైన నవ్వు ఈ ఇంట్లో ఉందని మాత్రం ఆ మధ్యాహ్నమే తెలిసింది. ఆగలేక అత్తయ్యని వెనకనుంచి వాటేసుకుంది.

"వదులు, వదులు! దూదిలో సూదులున్నాయి!" అని అరిచింది అత్తయ్య. అరుపులో కూడా నవ్వే ఉంది.

ఆ ప్రశ్న సంగతి కోడలికి తెలుసు. అది ఆడా మగా అందరూ వచ్చే ప్రార్థన కూటంలో అడిగింది, తనూ అక్కడే ఉంది. ఎన్నాళ్ళనుంచో జబ్బుతో ఉన్న ఒక స్త్రీ గుంపులో వెనకనుంచి వచ్చి ప్రభువు వస్త్రపు అంచు ముట్టుకున్న కథ ఆ రోజు పాఠం. విశ్వాసం గురించి ఒకరు, ధైర్యం గురించి ఒకరు మాట్లాడారు. అత్తయ్య చెయ్యెత్తి, "ఆ అంచు ఎలాంటిదండీ? మడిచి కుట్టిందా, కుచ్చులు వేలాడేదా?" అని అడిగింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. మామయ్య దగ్గాడు. పాస్టరమ్మ మాత్రం నవ్వలేదు. పుస్తకం మూసి, చాలాసేపు అత్తయ్య వైపే చూసింది.

సాయంత్రం లిఫ్టు మెకానిక్కు ఇంటికొచ్చాడు. అంటే, కోడలి మొగుడు. అమ్మానాన్నలకి చంటి. చొక్కా మీద గ్రీజు మరక, చేతుల్లో దాన్ని కడుక్కున్న సబ్బు వాసన. ఆ రెండూ కలిస్తే వచ్చే వాసనని సీసాల్లో పోసి అమ్మితే తను పనిచేసే మందుల షాపు కౌంటర్ మీదే అంతా అమ్ముడైపోతుందని కోడలికి గట్టి నమ్మకం. ఆ మాట అతనితో ఒకసారి అంటే, "ఎక్స్‌పైరీ డేట్ ఎప్పుడు వేస్తావ్?" అన్నాడు. అప్పట్నుంచీ అతను గుమ్మంలోకి అడుగు పెట్టగానే ఆమెకి నవ్వొస్తుంది.

వార్త విని అతను అమ్మని కుర్చీతో సహా పైకెత్తబోయాడు.

"దించరా! నువ్వెత్తేది లిఫ్టులు, అమ్మల్ని కాదు," అన్నాడు మామయ్య, పేపరు మీంచి తలెత్తకుండా. మామయ్య అచ్చుయంత్రాల కాలపు మనిషి. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వాక్యాలు పేర్చే కంపోజిటరు పని చేశాడు. ప్రెస్సు మూతబడి చాలా కాలమైనా, ఎర్ర పెన్సిలు లేకుండా పేపరు చదవడు. వీధిలో అందరూ ఆయన్ని అచ్చుతప్పు అంటారు, ఎదురుగానే. ఆయన కూడా ఏమీ అనుకోడు. "తప్పు కనిపెట్టేవాణ్ణి తప్పు అంటున్నారు. అదే అసలు అచ్చుతప్పు," అంటాడు.

"ముందు టాబ్లెట్ సంగతి చూడాలి," అన్నాడు చంటి.

"టాబ్లెట్ అంటే ఈ ఇంట్లో పొద్దున బీపీకి వేసుకునేదే," అన్నాడు మామయ్య. "రెండింటికీ ఒకే పేరైతే ఏదో ఒకరోజు నేను దాన్ని నీళ్ళతో మింగుతాను. దీన్ని పలక అందాం."

"ఏ పేరైనా టాబ్లెట్లు మన మాత్రలమ్మ డిపార్ట్‌మెంటే," అని చంటి పెళ్ళాం జడ చివర లాగాడు.

"నాకు తెలిసిన టాబ్లెట్లకి చార్జింగు పెట్టక్కర్లేదు," అంది కోడలు. కానీ ఆ క్షణం నుంచే ఫోను ముందేసుకుని కూచుంది. ఆ సాఫ్ట్‌వేరుకి ఎంత మెమరీ కావాలి, పటాలూ వ్యాఖ్యానాలూ నిఘంటువులూ అన్నీ దించితే ఎంత చోటు పడుతుంది, తెరమీద ఒక పక్క వాక్యం, ఇంకో పక్క దాని అర్థం పెట్టుకోవాలంటే ఎంత వెడల్పుండాలి. చంటి ఆమె భుజం మీద గడ్డం ఆనించి, అన్నీ తనూ చదువుతున్నట్టు నటించాడు. మామయ్య ప్రాసెసరు అన్న మాటకి తెలుగు వెతుకుతున్నాడు. ముగ్గురూ ఒకళ్ళమీద ఒకళ్ళు పడి మాట్లాడుతూంటే, అత్తయ్య మిషను మీద కూచుని చప్పుడు కాకుండా మెల్లగా తొక్కుతూ వింది. వాళ్ళ మాటలు వినపడాలని మెల్లగా తొక్కుతోందని కోడలికి తర్వాతెప్పుడో గాని తట్టలేదు.

శనివారం కోడలు మందుల షాపులో సెలవు పెట్టింది. నలుగురూ బయల్దేరారు. అత్తయ్య చేతిలో పెద్ద గుడ్డసంచి, "కొంటే పెట్టుకోవాలి కదా" అని. వీధి చివర కోడలూ కొడుకూ ఒకే గొడుగు కింద దూరితే, రెండో గొడుగు చంకలో పెట్టుకుని నడుస్తున్న మామయ్య, "వాన లేదురా," అన్నాడు. "వస్తుందేమోనని," అన్నాడు చంటి.

మొదటి షాపులో కౌంటర్ ఆయన ఒక టాబ్లెట్ తీసి చంటి చేతిలో పెట్టాడు. చంటి దాన్ని అరచేతిలో తూచాడు, వెనక్కి తిప్పాడు, అంచులు నొక్కి చూశాడు.

"ఎంత లోడు మోస్తుంది?"

"సార్?"

"అంటే ఒకేసారి ఎన్ని కిటికీలు తెరవచ్చు అని," అని సర్దింది కోడలు.

మామయ్య కళ్ళజోడు మార్చుకుని ముందుకొచ్చాడు. "అదంతా తర్వాత. ఇందులో 'స్త్రీ' అని రాయండి. ఆ సాఫ్ట్‌వేర్‌లోనే రాయండి. మొదటి పాఠం పేరే స్త్రీల మీద ఉంది."

కోడలు సాఫ్ట్‌వేరు దించి, వెతుకులాట గడిలో రాసింది. తెరమీద స పక్కన ఒక పొల్లు, త పక్కన ఒక పొల్లు, ఆ పక్కన ఒంటరిగా రీ.

"అయ్యయ్యో!" అని మామయ్య గుండె పట్టుకున్నాడు. "స్త్రీని మూడు ముక్కలు చేశారు! మీ షాపులో!"

షాపంతా ఇటు తిరిగింది. ఫ్రిజ్‌లు చూస్తున్న ఒకాయన ఫోను తీశాడు. కౌంటర్ ఆయన మొహం పాలిపోయింది. "ఎవర్నండీ? ఎప్పుడండీ?"

"ఈ అక్షరాన్నండీ, అక్షరాన్ని," అంది కోడలు నవ్వాపుకోలేక, తెర చూపిస్తూ.

"స కింద త వత్తు, దాని కింద ర వత్తు, నెత్తిన గుడిదీర్ఘం. ఒక్క గడిలో మేడ కట్టాలి," అన్నాడు మామయ్య, గాలిలో వేళ్ళతో అక్షరాలు పేరుస్తూ. "సీసంతోనే కట్టేవాళ్ళం. వీళ్ళు మేడని కూల్చి వరసగా పాకలేశారు."

"మేడైతే లిఫ్టు కూడా పెట్టాలి నాన్నా," అన్నాడు చంటి.

రెండో షాపులో స్త్రీ విరగలేదు. కానీ పటం తెరిచి అటూ ఇటూ జరిపితే తెర ఆగి ఆగి కదిలింది. "దీనికి మోకాళ్ళ నొప్పులు," అని తేల్చింది కోడలు. ఇంకోచోట అన్నీ బాగానే ఉన్నాయి గానీ కాసేపటికి అరచేయి కాలింది. "జ్వరం," అంది. చంటి ఆ మాటలకి మురిసిపోయి, ప్రతి షాపులోనూ "మా డాక్టరుగారు చూస్తారు" అని ఆమెని ముందుకి తోస్తున్నాడు. ముగ్గురికీ పండగలా ఉంది. ఆఖరి షాపు చేరేసరికి, కొనేది ఎవరికోసమన్నది కూడా ఆ సంబరంలో కాస్త వెనకబడింది.

అక్కడ దొరికింది. మామయ్య ఎర్ర పెన్సిలు జేబులోంచి తియ్యనే లేదు. స్త్రీ, రాష్ట్రము, వస్త్రము, అన్నీ మేడలు మేడల్లాగే నిలబడ్డాయి. పటం నీళ్ళలా జారింది. పక్కపక్కన రెండు కిటికీలు తెరుచుకున్నాయి. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అప్పుడు కౌంటర్ ఆయన కాస్త ఎడంగా సంచి పట్టుకుని నిలబడ్డ అత్తయ్యని చూసి, "అమ్మగారూ, మీరూ చూడండి," అని దాన్ని ఆవిడ వైపు జరిపాడు.

అత్తయ్య సంచి మోచేతికి తగిలించుకుంది. చూపుడువేలు చాచి, పుస్తకం బొమ్మ మీద పెట్టింది. ఏమీ కాలేదు. ఇంకోసారి పెట్టింది, ఈసారి గట్టిగా. ఏమీ కాలేదు. చేతిరుమాలు తీసి వేలు తుడుచుకుంది, కడిగిన వేలుని మళ్ళీ కడిగినట్టు. మళ్ళీ పెట్టింది.

"అలా కాదమ్మా, ఇలా," అని చంటి ఆవిడ భుజం మీదుగా చెయ్యి చాచి తాకాడు. పుస్తకం తెరుచుకుంది. "చూశావా, ఎంత తేలికో!"

"బాగుంది," అంది అత్తయ్య. చెయ్యి మళ్ళీ సంచి పిడుల్లో దూరిపోయింది.

అది చూపించడానికి పెట్టిన ముక్క. కొత్తది మంగళవారానికి తెప్పిస్తామన్నారు. తిరిగొచ్చేటప్పుడు నిజంగానే వానొచ్చింది. గొడుగు కింద చంటి చెయ్యి పట్టుకుని నడుస్తున్న కోడలికి లోకంలో లోటన్నదే కనిపించలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరమ్మ మెట్ల దగ్గర అత్తయ్య రెండు చేతులూ పట్టుకుంది. నలుగురైదుగురు ఆడవాళ్ళు చుట్టూ చేరి, "మాకు కష్టమైన ప్రశ్నలు వెయ్యకండేం" అని నవ్వారు. అత్తయ్య కూడా నవ్వింది. కానీ అది మొన్నటి నవ్వు కాదు. దీనికి అంచులన్నీ నీటుగా కుట్టేసి ఉన్నాయి.

ఇంటిదారిలో, కూరల కొట్టు దాటాక, ఆవిడ మామూలు గొంతుతో అంది: "ఆ తరగతి ఇంకెవరికైనా ఇమ్మని రేపో ఎల్లుండో చెప్పేస్తాను."

అందరూ ఆగిపోయారు. ఆవిడ ఆగకపోయేసరికి మళ్ళీ నడిచారు.

"ఎందుకమ్మా?"

"స్కూలు యూనిఫారాలు మీద పడుతున్నాయి."

"అవి ఏటా పడేవే," అన్నాడు మామయ్య.

"ఏటా పడేవే కాబట్టి ఏటా కుట్టాలి." అత్తయ్య నడక పెంచింది. "ఆ పలక మీరే ఉంచుకోండి. స్త్రీలు, వస్త్రాలు అన్నీ బాగా వస్తున్నాయిగా, చదువుకోండి."

మామయ్య జేబులో ఎర్ర పెన్సిలు తడుముకున్నాడు. వెనక నడుస్తూ కోడలు ఒకటి చూసింది. అత్తయ్య కుడిచెయ్యి పిడికిలి బిగించి ఉంది. చూపుడువేలు ఆ పిడికిలి లోపల దాక్కుంది.

సోమవారం పొద్దున్న మగవాళ్ళిద్దరూ ఇంట్లో లేరు. కోడలికి మధ్యాహ్నం డ్యూటీ. అత్తయ్య కిటికీ దగ్గర కాజాలు కుడుతోంది. ఒక తెల్ల చొక్కాకి చీలిక కోసి, దాని చుట్టూ దారం ముడి మీద ముడి వేస్తూ, ప్రతి ముడికీ సూది వెనక భాగాన్ని చూపుడువేలి కొసతో నెడుతోంది. సూది గుచ్చుకోకుండా వేలికి తొడిగే అంగుస్తానా బల్లమీదే ఉంది. ఆవిడ అది పెట్టుకోదు. "అది పెట్టుకుంటే బట్ట ఏమంటోందో వినపడదు," అని ఒకసారి చెప్పింది. బట్ట మాట్లాడటమేంటని అప్పుడు కోడలు నవ్వింది.

ఇంతలో కోడలి ఫోనుకి ఒక ఫొటో వచ్చింది. కాలరు ఇలా కావాలని ఒక కస్టమరు పంపింది. కోడలు ఫోను తెచ్చి అత్తయ్య ఒళ్ళో పెట్టింది.

"పక్కనుంచి తీసింది ఇంకోటి ఉంది, జరిపి చూడండి."

"నువ్వే జరుపు."

"జరపండత్తయ్యా. మీ ఇష్టం వచ్చినంత దగ్గరగా చూసుకోవచ్చు."

అత్తయ్య కిటికీ వైపు చూసింది. తర్వాత, చేదుమందు మింగేవాళ్ళలా, వేలు పెట్టి జరిపింది. ఫొటో కదల్లేదు. నొక్కింది. కదల్లేదు. గోరు తెల్లబడేదాకా నొక్కింది.

"చూశావుగా," అంది ఫోను తిరిగిచ్చేస్తూ. గొంతులో కోపం లేదు, అదే కోడల్ని పట్టి కుదిపింది. "దానికి నేనంటే గిట్టదు. షాపులోనూ అంతే. ఆ ప్రభువు, అంత తోపులాటలో తన అంచుకి ఒక్క వేలు అలా తగిలితే నన్నెవరో ముట్టుకున్నారన్నాడు. ఇది, ఎవరూ లేని చోట నేనొక్కదాన్నీ ఇంత నొక్కుతున్నా, ఎవరది అని కూడా అనదు. అందరిముందూ నిలబడి నేను దానితో కుస్తీ పడుతుంటే, మీ ఆయన వచ్చి భుజం మీంచి చెయ్యి పెట్టి అలా కాదమ్మా అంటాడా ప్రతివారం?"

కోడలు అత్తయ్య చెయ్యి తీసుకుని, వేలు వెలుతురుకి తిప్పి చూసింది. షాపు కౌంటర్ దగ్గర చక్కెర పరీక్షకి వచ్చేవాళ్ళ వేళ్ళు రోజూ చూస్తుంది ఆమె. కొందరికి సూది దిగదు. వాళ్ళలో ఒక తాపీమేస్త్రీ ఉన్నాడు. వేలిముద్రతో డబ్బు కట్టే మెషీను మీద అతని వేలు ఎప్పుడూ పలకదు, ప్రతిసారీ పెళ్ళాం వేలు అరువు తెచ్చుకుంటాడు. అత్తయ్య వేలికొస పసుపుపచ్చగా, నున్నగా, గుండీలా మెరుస్తోంది. ఏళ్ళ తరబడి సూది నెట్టీ నెట్టీ అక్కడ చర్మం మీద ఇంకో చర్మం కట్టింది.

"అత్తయ్యా! తప్పు మీది కాదు. వేలిది!"

"వేలు నాది కాదా?"

"అబ్బా, అది కాదు! చర్మం మందమైపోయింది. దానికి మీ స్పర్శ అందట్లేదంతే. చిటికెనవేలు పెట్టండి. పెట్టండి!"

చిటికెనవేలికి ఫొటో సుతారంగా జరిగింది. అత్తయ్య కళ్ళు పెద్దవయ్యాయి. ఇంకోసారి జరిపింది. మళ్ళీ వెనక్కి జరిపింది. కోడలు చప్పట్లు కొట్టింది.

"ఇలా చిటికెనవేలు ఎగరేసుకుని పాఠం చెప్పనా? టీ తాగే దొరసానిలా?" అంది అత్తయ్య. కానీ మూడోసారి కూడా జరిపింది.

"అయితే మా షాపులో అయింట్‌మెంటుంది. రోజూ రాస్తే మెత్తబడి ఊడిపోతుంది. వచ్చే నెలకల్లా పసిపిల్ల వేలు!"

అత్తయ్య వేలు వెనక్కి లాక్కుంది. "ఇది సంపాదించడానికి నాకు సగం ఆయుష్షు పట్టింది. నీ అయింట్‌మెంటు రాసి పోగొట్టుకోనా? మెత్తబడితే సూదెవరు నెడతారు, మీ మామయ్యా?"

ఆ మాటకి మాత్రం మందుల షాపు మనిషి దగ్గర మందు లేదు.

ఆ సాయంత్రం దీపాలు వేసే వేళకి మగవాళ్ళు వచ్చారు. కోడలు గుమ్మంలోనే అంతా చెప్పేసింది, చేతులు తిప్పుతూ, ఊపిరి తీసుకోకుండా. చంటి సంచి భుజానే ఉంచుకుని విన్నాడు. "అలా కాదమ్మా" అన్న చోట అతని మొహం వాలిపోయింది. వెళ్ళి అమ్మ పక్కన నేల మీద కూచున్నాడు.

మామయ్య కళ్ళజోడు మార్చుకుని ఆవిడ వేలు పట్టుకున్నాడు. ప్రూఫు చూసినట్టు చూశాడు. తర్వాత తన బొటనవేలు పక్కన పెట్టాడు. "నాదీ ఇలాగే ఉండేది. సీసం పట్టీ పట్టీ. ప్రెస్సు మూశాక మెత్తబడిపోయింది." కాసేపు ఆ వేలు వదల్లేదు. "నాలుగు షాపులు తిరిగాం. ఒక్క పలకైనా నీ చేతిలో పెట్టామా?"

"సంచి పెట్టారుగా," అంది అత్తయ్య.

పిల్లలు ఎదురుగా ఉన్నారని మామయ్యకి అప్పుడు గుర్తొచ్చింది. ఆవిడ వేలు వదిలేసి పేపరు అందుకున్నాడు. తలకిందులుగా పట్టుకున్నాడని చెప్పడానికి కోడలికి మనసొప్పలేదు. ఇంత వయసొచ్చాక చంటి కూడా తన వేలు అలా పట్టుకుంటాడా అని అతని వైపు చూసింది. అతనూ అప్పుడే ఇటు చూశాడు.

"ఒరేయ్," అంది అత్తయ్య, "అసలు అది దేన్ని కనిపెడుతుంది?"

చంటి హుషారుగా లేచాడు. "కొత్త లిఫ్టుల్లో తాకితే వెలిగే బటన్లుంటాయి చూడు, అవీ ఇంతే. మన ఒంట్లో కొంచెం కరెంటు ఉంటుందమ్మా. చర్మం లోంచి అది తగిలితేనే తెరకి తెలుస్తుంది. రబ్బరు చేతితొడుగులు వేసుకుంటే ఎంత నొక్కినా పలకదు. నీ వేలిమీద పుట్టుకతో రాని తొడుగు ఉందన్నమాట."

"అదే లోహం మీదుగా అయితే పోతుందా కరెంటు?"

"దర్జాగా పోతుంది."

అత్తయ్య లేచి వెళ్ళి, గుండీల సొరుగు కింద సొరుగు తెరిచింది. రిబ్బన్లూ, పాత కొలతల టేపులూ పక్కకి నెట్టి, అడుగునుంచి పై వరస మాత్రం నల్లబడిన ఒక చిన్న కండె తీసింది. ఒకప్పుడు బ్యాండుమేళం వాళ్ళ కోట్లకి భుజాల మీద మెరుపు కుట్టడానికి తెచ్చిన తీగదారం అది, నూలు మీద సన్నటి లోహపు తీగ చుట్టింది. "ఇప్పుడొచ్చేవన్నీ ప్లాస్టిక్ మెరుపులు," అంటూ కొస విప్పి, పంటి కింద పెట్టి చూసింది. "ఇది అసలుది."

మిగిలిన ముగ్గురూ మంచం అంచున వరసగా కూచున్నారు. ఆవిడ చొక్కా కత్తిరింపులోంచి తెల్లటి ముక్క ఒకటి ఏరి, వేలికొసకి చుట్టి కొలిచి, చిన్న టోపీలా మడిచి కుట్టింది. కొసన తీగదారంతో కుట్టు పక్కన కుట్టు, ఖాళీ లేకుండా, పెసరగింజంత చుక్క కుట్టింది. అక్కడితో ఆగలేదు. ఆ తీగనే లోపలివైపు నుంచి కిందికి నడిపించి, రెండో కణుపు దగ్గర, చర్మం ఇంకా మెత్తగా ఉన్నచోట, ఉంగరంలా చుట్టూ తిప్పి ముడేసింది. సూదిని నెట్టింది ఆ మొండి వేలే.

"ఇటివ్వు ఫోను," అంది కొడుకుతో.

చంటి తన ఫోనులో ఆ బైబిల్ సాఫ్ట్‌వేరు చిన్న రూపం, పటాలూ గిటాలూ లేనిది, వేసి ఉంచాడు. అది తెరిచి ఇవ్వబోయి ఆగాడు. తెరవకుండానే ఇచ్చాడు.

అత్తయ్య తెల్లటోపీ పెట్టుకున్న వేలితో పుస్తకం బొమ్మని ముట్టుకుంది, బట్ట పోగు చూసేటప్పుడు ముట్టుకున్నంత తేలిగ్గా.

తెరుచుకుంది.

కోడలు చంటి చెయ్యి గట్టిగా నొక్కింది. అతను "అబ్బా" అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. అత్తయ్య ఎవర్నీ అడగలేదు. తప్పు చోట నొక్కింది, వెనక్కొచ్చింది, ఇంకో తప్పు చోట నొక్కింది, మళ్ళీ వెనక్కొచ్చింది. పెదాలు కదుపుతూ వెతుక్కుంది. గుంపు దొరికింది. ఆ స్త్రీ దొరికింది. అంచు అన్న మాట దొరికింది. దానిమీద వేలు ఆనించి ఉంచితే కింద ఒక చిన్న కిటికీ తెరుచుకుంది. ఆవిడ చదివింది. ఫోను దూరంగా పెట్టి మళ్ళీ చదివింది.

"కుచ్చట!" అంది. "మడిచి కుట్టింది కాదు, కుచ్చు! నేను ఇన్నాళ్ళూ మడతే అనుకున్నాను. పెద్ద పందెం కాశాను మనసులో. ఓడిపోయాను!" ఓడిపోయినందుకు ఇంతగా వెలిగిపోయిన మొహం కోడలు ఎక్కడా చూడలేదు. "మరి కుచ్చైతే... వేలాడుతుంది కదా... అంటే ఆవిడ వంగక్కర్లేదు. పాకక్కర్లేదు. పక్కనుంచి వెళ్తూ ఇలా..." అని గాల్లో వేలు కదిపింది. తెల్లటోపీ కొసన వెండిచుక్క మెరిసింది. ఆ తర్వాత చదువుకుంటూ పోయింది.

ఆవిడ ఫోను పక్కన పెట్టాక, మామయ్య గొంతు సవరించుకున్నాడు. "అయితే రేపు మంగళవారం. షాపువాళ్ళు తెప్పిస్తామన్నది నేనూ చంటీ పోయి తెచ్చేస్తాం."

అత్తయ్య అప్పటికే మళ్ళీ కోటు అందుకుని, నోట్లో సూదులు పెట్టుకుంది. "ఊఁహూఁ," అంది.

"ఇది సూదుల ఊఁహూఁ నా, మనుషుల ఊఁహూఁ నా?" అడిగింది కోడలు.

అత్తయ్య సూదులు ఒక్కొక్కటే తీసి మణికట్టు మీది దూదిలో గుచ్చింది. తొందరేమీ పడలేదు. ఆఖరిది కూడా గుచ్చాక, వేలిటోపీ సరిచేసుకుంది.

"బట్ట ముట్టుకోకుండా ఎవరైనా కొంటారా? రేపు షాపు తెరిచేసరికి అందరం వెళ్తున్నాం. మొదటి షాపు నుంచి మళ్ళీ మొదలు. అన్నీ నేనే ముట్టుకుని చూస్తాను. నా చేతికి నచ్చిందే తెచ్చుకుందాం." గుడ్డసంచి తీసి మామయ్య ఒళ్ళో పెట్టింది. "ఇది మీరు పట్టుకోండి."

మామయ్య సంచి పిడులు రెండు చేతులతో పట్టుకుని, "మరి స్త్రీ?" అన్నాడు.

"ఆ సంగతి నేను చూసుకుంటాను," అంది అత్తయ్య.